రంగు కింద నీళ్లు

ఎవరి కారు దగ్గరికి వచ్చినా ఆయన మొదట కళ్లు మూసుకునేవాడు. జేబులోంచి పలచని పాలిథీన్ కవరు తీసి కుడిచేతికి తొడుక్కుని, బానెట్ మీద మెల్లగా జరిపేవాడు. పిల్లవాడి నుదురు మీద చెయ్యిపెట్టి జ్వరం చూస్తున్నట్టు ఉండేది. మొదటిసారి చూసినప్పుడు ఇదేదో మంత్రమనుకుని, మూఢనమ్మకాల మీద ఊరూరా సభలు పెట్టే నాకు ఒళ్లు మండింది.

"ఏందయ్యా ఇది? కారుకు దిష్టి తీస్తున్నవా?" అన్నాను.

ఆయన కళ్లు తెరవలేదు. "దుమ్ము సారూ. రంగు పచ్చిగున్నప్పుడు వడ్డది. కండ్లకు కనవడది, చెయ్యికి దొరుకుతది" అన్నాడు. తర్వాత నా చేతికి కూడా ఒక కవరు తొడిగి బానెట్ మీద పెట్టించాడు. అద్దంలా ఉందని నేను మురిసిపోతున్న రంగు మీద సన్నని ఇసుక చల్లినట్టు తగిలింది. కవరు తీసి ఉత్త చేత్తో తడిమితే అంతా నునుపే.

జనగామలో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఆయనది. కార్లకు రంగులు వేసేవాడు. అందరికీ పెయింటరన్న. సొంత ఊరు మానుకోట అవతల, బయ్యారం దారిలో ఒక తండా. భార్యతో వాళ్ల భాషలో, గిరాకీతో తెలుగులో, రంగుల దుకాణంలో ఉర్దూలో మాట్లాడేవాడు. మూడింటిలోనూ తక్కువే మాట్లాడేవాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఈ కథలో ఒక ముసలమ్మ ఉంది, ఆమె పేరు అసలే రాయను. పేరు దొరికితే వెతుక్కుంటూ పోయేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు.

పోయిన చలికాలంలో ఆయన చనిపోయాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని దవాఖానలో చెప్పారు. జీవితమంతా సొట్టలు పూడ్చే లప్పం పొడీ, రంగు పలచన చేసే థిన్నరు ఆవిరీ పీల్చిన మనిషికి అంతకంటే వేరే కారణం అక్కర్లేదు. కానీ జనగామలో వేరే కారణం ఒకటి పుట్టి తిరుగుతున్నది. "బాణామతి ముసలిదాన్ని కాపాడిండు గదా, అదే ఆయన్ను తిన్నది" అంటున్నారు. చాయ్ తాగుతూ అంటున్నారు, నవ్వుతూ అంటున్నారు. ఆ ముసలమ్మ బతికే ఉంది, ఒంటరిగా ఉంది. ఇలాంటి మాట ఒక ఒంటరి ఆడమనిషి చుట్టూ తిరిగితే చివరికి ఏం జరుగుతుందో మన జిల్లాల్లో ఎవరికీ చెప్పనవసరం లేదు. మంత్రం పలకకుండా పండ్లు ఊడగొడతారు. కిరోసిన్ పోస్తారు. తర్వాత ఎవరూ ఏమీ చూడలేదంటారు. చచ్చిపోయిన ఒక మంచి మనిషిని ఈ పనికి వాడుకుంటుంటే ఊరుకోవడం నా వల్ల కాదు. అందుకే ఆయన ఎలాంటివాడో, ఆ రోజు ఏం జరిగిందో రాస్తున్నాను.

కారుకు మెరుపు రావడమంటే పాలిష్ రుద్దడమని నేను అనుకునేవాణ్ణి. ఆయన దృష్టిలో పాలిష్ చివరి ముచ్చట. అసలు పని దానికి ముందుది. కొత్తగా వేసిన రంగు ఆరిన తర్వాత దాని మీద దుమ్ము గింజలుంటాయి, కారి గడ్డకట్టిన చుక్కలుంటాయి, ఒక్కోసారి పైపొర మొత్తం సంత్ర తొక్కలాగా గుంటలు గుంటలుగా ఉంటుంది. వాటర్ పేపరును, అంటే తడిసినా చిరగని గరుకు కాగితాన్ని, సబ్బునీళ్లలో నానబెట్టి, దానితో ఇవన్నీ రుద్ది సమం చేయాలి. ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్ల దారి రంగులో పడుతుంది. అందుకని అరిగిన హవాయి చెప్పును బిళ్లగా కోసి, పేపరును దానికి చుట్టేవాడు. కొత్త చెప్పు పనికిరాదు. "జర నడిచిన చెప్పు గావాలె. కొత్తది మొండికేస్తది" అనేవాడు. తండాలో ఎవరి చెప్పు తెగినా పారేయకుండా ఆయన కోసం దాచేవారు. షెడ్డు మూలన ఒక డబ్బా నిండా చెప్పు ముక్కలుండేవి. ఎవరి చెప్పు ఎక్కడ మెత్తగా అరుగుతుందో ఆయనకు తెలుసు. "గిది మా వదినెది. మడిమె మీద బరువేసి నడుస్తది" అని ముక్క తీసి చూపించేవాడు.

ఆయన రుద్దుతుంటే భార్య పక్కన నిలబడి మగ్గుతో నీళ్లు పోసేది. ఆమెకు నోరెక్కువ. ఒకరోజు ఆయన ఒక తలుపు మీద చెయ్యి నిమిరి నిమిరి చూస్తుంటే నా వైపు తిరిగి, "చూసిండ్రా సారూ? నా చెంపను ఎన్నడన్న గిట్ల నిమిరిండా అడుగుండ్రి" అంది. ఆయన తల ఎత్తకుండా, "నీ చెంపకు గింజలు లెవ్వు గదనే" అన్నాడు. నేను ఆయన నోట విన్న పొగడ్త అదొక్కటే.

రుద్దుడు సగంలో ఉన్న కారును చూస్తే యజమానికి గుండె ఆగినంత పనవుతుంది. మెరుపంతా పోయి, సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా, గుడ్డిగా ఉంటుంది. "ముందుగాల మెరుపును చంపాలె. గది సావకుంటే అసలు మెరుపు రాదు" అని ఆయన ఎంత చెప్పినా వినేదెవరు? ఒక బడిపంతులు చెప్పకుండా వచ్చి చూసి, "అయ్యో, నా బండికి బూడిద వూసినవేందిరో!" అని షెడ్డు ముందే కూలబడ్డాడు. అప్పటినుంచి ఆ దశలో ఉన్న కార్ల మీద భార్య పాత చీరలు కప్పడం మొదలుపెట్టాడు. ఎవరైనా కొంగు ఎత్తబోతే ఆమె చేతిలో మగ్గు లేచేది. "తానం జేస్తున్నది. అవుతలికి పొండ్రి" అనేది.

కారు మీద గీతలను బట్టి మనిషిని చెప్పేవాడు. తలుపు పిడి కింద గోరుగీతల్లాంటివి గుంపుగా ఉంటే, "ఉంగరాలాయిన" అనేవాడు. జాతకం చూపించుకుని నాలుగు వేళ్లకు నాలుగు రాళ్లు తొడుక్కున్నవాడు తలుపు తీసిన ప్రతిసారీ ఆ రాళ్లు రంగును గీరుతాయి. బానెట్ మధ్యలో వేలెడంత గోధుమరంగు మరక ఉంటే అక్కడ కర్పూరం వెలిగించారు. ముందుభాగంలో చంద్రవంకలాంటి దెబ్బ ఉంటే కొబ్బరికాయ జారింది. పసుపు స్వస్తిక్ కడిగినా పోలేదంటే కారు తెల్లది, యజమాని భక్తుడు. నేను చప్పట్లు కొట్టినంత పనిచేశాను. "చూడు, మూఢనమ్మకం రేకును కూడా వదల్లేదు" అన్నాను. ఆయన చిన్నగా నవ్వి, "గట్లనకుండ్రి సారూ. మీ మాట అందరు వింటే నా పొయ్యి ఆరిపోతది" అన్నాడు.

ఆయన నా మాట విననివాళ్లలో మొదటివాడు. షెడ్డు గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడేవి. శనివారం శనివారం మార్చేవాడు. అమావాస్యనాడు కొత్త రంగు డబ్బా మూత తెరిచేవాడు కాదు.

"ఎందుకు తెరువవు?"

"మా నాయిన తెరువలే."

"మీ నాయిన కార్లకు రంగులేసిండా?"

"లేదు. బర్లు గాసిండు."

"మరి?"

"మరేంది సారూ? బర్లు గాసినా అమాస అమాసనే గద."

ఇటువంటి జవాబుకు తర్కశాస్త్రంలో మందు లేదు. నేను వాదించేవాణ్ణి, ఆయన రుద్దేవాడు. నా గొంతు పెరిగినకొద్దీ ఆయన చెయ్యి నెమ్మదించేది. చివరికి భార్య, "సారూ, ఇగ ఆపుండ్రి. మీరు మాట్లాడుతుంటే ఆయిన ఒక్కతాన్నే రుద్దుతుండు, రంగు వోయి రేకు తేలుతది" అని పంచాయితీ తెంపేది.

ఇక ఆ రోజు సంగతి.

ఊళ్లో ఒక సేటు కొత్త గోదాం తెరవబోతున్నాడు. పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. ప్రారంభానికి ముందు ఆయన కారును ట్రాక్టర్ ఒకటి రాసుకుపోయి బానెట్, చక్రం పైరేకు సొట్టలు పడ్డాయి. పెయింటరన్న సొట్టలు తీసి, మిగిలిన గుంటలు లప్పంతో పూడ్చి, నీళ్లతో రుద్ది సమం చేశాడు. అప్పుడే ముసురు పట్టింది. లప్పం నీళ్లు తాగుతుంది. ఎండ తగిలి ఆ నీళ్లు పూర్తిగా పోయేదాకా పైన రంగు వేయకూడదు. ఆయన ఆ మాట చెప్పాడు. సేటు పంచాంగం చెప్పాడు. గురువారం పొద్దున ముహూర్తం, అది దాటితే ఆషాఢం. కారు గోదాం ముందు నిలబడి పూజ అందుకోవాల్సిందే. అమావాస్యకు డబ్బా మూత తెరవని మనిషి ముహూర్తానికి ఎట్లా ఎదురు చెబుతాడు? వేసేశాడు. గురువారం పొద్దున కారు ధగధగలాడింది. పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు అన్నీ అందుకుంది.

మరునాడు ఆ పసుపు కుంకుమలు తుడిచింది సేటు ఇంట్లో బోళ్లు తోమే ముసలమ్మ. టేకుమట్ల దిక్కు నుంచి భర్త పోయాక జనగామ వచ్చి, ఒక గదిలో ఒక్కతే ఉంటున్నది. సేటు కోడలు చెబితే తడిబట్టతో బానెట్ తుడిచింది. అంతే ఆమె చేసిన పని.

కొన్ని వారాలకు వానలు తెరిపిచ్చాయి. ఎండ చురుక్కుమంది. బానెట్ మీద పొక్కులు లేచాయి. ముందు కొన్ని, తర్వాత గుంపులుగా, అమ్మవారు పోసినట్టు. అదే వారం సేటు మనవడికి జ్వరం పట్టుకుని తగ్గలేదు. రెండూ కలిపి కుట్టడానికి ఎవరికీ సూది అవసరం రాలేదు. ఎక్కణ్ణుంచో ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. వాడు కారు చుట్టూ తిరిగి, "తడిచెయ్యి తగిలింది" అన్నాడు. ఎవరి తడిచెయ్యో ఇంట్లో అందరికీ తెలుసు.

నాకు కబురు తెలిసి పోయేసరికి మధ్యాహ్నం. ముసలమ్మను గోదాం ముందు కారు పక్కన నేల మీద కూర్చోబెట్టారు. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. చుట్టూ జనం. ఒకడి చేతిలో పట్టుకారు ఉంది. దాచుకోలేదు వాడు, బజారుకు సంచి తెచ్చుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వాడి ముఖం చూడటం లేదు, పట్టుకారునే చూస్తున్నది.

ఠాణాకు ఫోను చేశాను, బయల్దేరుతున్నామన్నారు. వాళ్లు వచ్చేదాకా మాట్లాడాలి. మాట్లాడాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. జ్వరానికి దోమ కారణం, పొక్కుకు రసాయనం కారణం, చేతబడి అన్నది లేదు, ఉంటే నా మీద చేసి చూపించండి అన్నాను.

"మీ ఇంట్ల పోరడు జరమొచ్చి పండుకుంటె గిట్లనే ఉపన్యాసం ఇస్తరా సారూ?" అని ఒకడు అన్నాడు. అందరూ నవ్వారు.

"రసాయనమంటున్నరు గద, ఏ రసాయనమో చెప్పుండ్రి" అన్నాడు ఇంకొకడు.

అది సరైన ప్రశ్న. జవాబు చెప్పగలిగినవాడు దగ్గర్లోనే ఉన్నాడు. సేటును ఒక్కమాట అడిగాను. "నీ కారుకు రంగేసినోణ్ణి తీస్కొస్త. ఆయన చెప్పేదాక ఎవ్వరు ఆమెను ముట్టొద్దు." పోలీసులు వస్తున్నారన్న మాట కూడా వినబడేట్టు చెప్పాను. సేటు తల ఊపాడు.

షెడ్డులో ఆయన ఒక జీపు తలుపు రుద్దుతున్నాడు. నేను రొప్పుతూ చెప్పిందంతా విన్నాడు. పేపరు నీళ్లలో వేశాడు.

"అవ్వను ముట్టిండ్రా?" అన్నాడు.

"ఇంక లేదు."

భార్యతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఆమె ముఖం మారిపోయింది. జవాబు మాత్రం తెలుగులో చెప్పింది, నేను కూడా వినాలని. "చెప్పకు. నువ్వే ఖరాబు చేసినవని నీ నోటితోని చెప్పకు. చెప్తె మల్ల ఎవడస్తడు మన షెడ్డుకు? పిల్లల నోట్ల మన్ను గొడ్తవా?" ఆయన బకెట్ ఎత్తుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది. "మీకేం సారూ, మీరు మాట్లాడి ఇంటికి వోతరు."

దారిలో ఆయన ఒక్కమాట అన్నాడు. "పొక్కు లేచినదినమే చూసిన. బజార్ల పోతుంటె కనవడ్డది. నా పనే అని తెలుసు."

"మరెందుకు సప్పుడు చెయ్యలే?"

ఆయన బకెట్‌ను ఇంకో చేతికి మార్చుకుని నడక పెంచాడు.

ఆయన్ను చూడగానే గుంపు దారి ఇచ్చింది. ఆయన ముసలమ్మ వైపు చూడలేదు. జేబులోంచి కవరు తీసి చేతికి తొడుక్కుని, కళ్లు మూసుకుని, బానెట్ మీద చెయ్యి పెట్టాడు. జనం గుసగుస ఆగిపోయింది. ఎదురు మంత్రం వేస్తున్నాడనుకున్నారు. నాకు అరవాలనిపించింది, పళ్లు బిగబట్టుకున్నాను. తర్వాత ఆయన పేపరును చెప్పు ముక్కకు చుట్టి ఒక పొక్కు మీద పెట్టాడు. పైనుంచి నీళ్లు పడ్డాయని ఎవరూ అనకుండా పేపరును నీళ్లలో ముంచలేదు, పొడిదే వాడాడు. రెండు మూడు సార్లు మెల్లగా రుద్దాడు. పొక్కు పైపొర తెగింది. లోపల బూడిదరంగు లప్పం చెమ్మగా, నల్లగా కనిపించింది. చిన్న నీటిబొట్టు ఒకటి ఊరి నిలబడింది.

"సేటు, గీ బొట్టు ఎవలదో చూడు" అన్నాడు. "అవ్వ తుడిసిన నీళ్లు పైన్నే ఆరిపోయినయి. గివి రంగు కింద ఉన్నయి. రంగు కిందికి చెయ్యి వెట్టేటోణ్ణి నేనొక్కణ్ణే. లప్పం ఆరకముందే రంగేసిన. గివి నా నీళ్లు."

ఎవరూ నమ్మలేదు. "ముసల్ది ఏం బెట్టిందిరా నీకు?" అన్నాడు వెనకనుంచి ఒకడు. "తండాలోళ్లకు గీ ఇద్దెలన్ని ఎరుకే, వీడు దాని జతగాడే" అన్నాడు ఇంకొకడు. పట్టుకారు వాడు ఆయన వైపు ఒక అడుగు వేశాడు. అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. ఒకామెను కాపాడటానికి ఇంకొకర్ని తెచ్చి ఒప్పజెప్పినట్టయింది.

ఆయన ముసలమ్మతోనే మాట్లాడాడు. "అవ్వా, నువ్వు ఏడేడ తుడిసినవ్?"

ఆమె వేలు బానెట్ వైపు లేచింది.

"చక్రం మీది రేకు తుడిసినవా?"

"లేదు బిడ్డా. ముందటి మూతే తుడువుమన్నది కోడలమ్మ."

ఆయన సేటును చెయ్యి పట్టుకుని చక్రం పక్కకు లాక్కుపోయి, వంగబెట్టి చూపించాడు. ఆ రేకు మీద కూడా, దుమ్ము కింద, పొక్కులున్నాయి. ఇన్ని రోజులూ ఎవరూ చూడలేదు. భూతవైద్యుడూ చూడలేదు. "గిది గూడ నేనే రంగేసిన. ఈడ అవ్వ చెయ్యి తగలలే. నా చెయ్యి తగిలింది."

సేటు వంగి ఉన్నవాడు వంగే ఉన్నాడు. తర్వాత లేచి ఆయన చెంప మీద కొట్టాడు.

"కొత్త బండిరా! నా కొత్త బండి! పనిరాకపోతె రాదని చెప్పొద్దారా?"

"ఆరలేదని చెప్పిన సేటు. ముహూర్తమన్నవ్."

ఇంకో దెబ్బ పడింది. సేటు ముహూర్తాన్ని తిట్టలేడు కదా. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. నేను మధ్యలోకి పోబోతే మోచేత్తో పక్కకు నెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు కొద్దిసేపు ఆ తిట్లు విన్నారు. పని చెడగొట్టిన పనివాణ్ణి తిట్టడం వాళ్లు రోజూ చూసేదే. అందులో చూడ్డానికి ఏమీ లేదు. ఒకరొకరే జారుకున్నారు. పట్టుకారు జేబులోకి పోయింది. పోలీసులు వచ్చేసరికి భూతవైద్యుడు లేడు. ముసలమ్మ లేచి నిలబడి జుట్టు ముడివేసుకుంటున్నది. మనవడి జ్వరం దవాఖానలో తగ్గిందని తర్వాత తెలిసింది.

నేను ఆ వారమే సభ పెట్టాను. ఆయన వచ్చి రెండు మాటలు చెబితే చాలు, నా వంద ఉపన్యాసాల పెట్టు. అడగడానికి పోతే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను రాను సారూ. బాణామతి లేదని నేను అన్లే. గిది బాణామతి గాదన్న, గంతే."

"కళ్లారా చూసినా ఇంకా ఉన్నదంటవా?"

"ఉన్నదో లేదో నాకు ఎర్కలేదు. నేను చేసింది మాత్రం ఎర్కున్నది."

నేను కోపంతో వచ్చేశాను. ఆ మాటతో ఇప్పటికీ నాకు రాజీ లేదు. ఒక పొక్కు దగ్గర ఆగే నిజాయితీ చాలదు, రేపు ఇంకో ఊళ్లో ఇంకో పొక్కు లేస్తే అక్కడ ఈ మనిషి ఉండడు కదా, అని ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన పేపరును నీళ్లలో ముంచి మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. కానీ ఒకటి నిజం. ఆ గుంపులో చేతబడి లేదని నమ్మినవాణ్ణి నేను ఒక్కణ్ణే. ఆమె పండ్లు నిలిచింది ఉన్నదేమోనని భయపడేవాడి నోటిమాటతో.

భార్య చెప్పినట్టే అయింది. "లప్పంల నీళ్లు విడిసెటోడు" అని పేరు పడింది. షెడ్డుకు కార్లు రావడం తగ్గి, ఆగిపోయింది. సామాను ట్రాలీలో వేసుకుని భూపాలపల్లి పోయారు. బొగ్గు గనుల ఊరు, జీపులూ లారీలూ ఎక్కువ, ఈయన కథ తెలిసినవాళ్లు తక్కువ. ఆ దారిలో చిట్యాలకు సభల కోసం పోయినప్పుడల్లా కలిసేవాణ్ణి. ఆ షెడ్డు గుమ్మానికీ నిమ్మకాయ ఉంది. అక్కడి దుమ్ములో బొగ్గు ఉంటుంది. తెల్లరంగు మీద నల్ల గింజలు దిగేవి. నాలుగు దిక్కులా తడి గోనెపట్టాలు కట్టి, నేల తడిపి, ఆ మధ్యలో నిలబడి రంగు వేసేవాడు. గాలి బయటికి పోని ఆ పట్టాల గదిలో.

దగ్గు అప్పుడే మొదలైంది. నేను మాస్కులు కొనుక్కుపోయి ఇచ్చాను. తర్వాత చూస్తే దేవుడి పటం పక్క మేకుకు తగిలించి ఉన్నాయి.

"ఎందుకు పెట్టుకోవు?" అని అరిచాను.

"పెట్టుకుంటె వాసన రాదు సారూ. లప్పం ఆరిందా లేదా ముక్కు చెప్తది. గిప్పుడు నేను ముక్కు ఆనిచ్చి చూడంది రంగెయ్య."

జనగామలో ఉన్నప్పుడు ఆయన వాసన చూడటం నేను ఎప్పుడూ చూడలేదు. భార్య మగ్గు పట్టుకుని పక్కనే ఉంది. "ఆ దినంసంది గిదే రోగం" అంది. "రేకు రేకుకు ముక్కు వెడ్తడు. ఇంకోపారి తన పనికి ఇంకో ముసల్ది కూసోవద్దంట. నా ముచ్చట ఎవలికి వట్టింది?" ఆమె గొంతులో జాలి లేదు, మంట ఉంది. నన్ను కూర్చోమని కూడా అనలేదు. వాళ్లను షెడ్డు నుంచి లేపింది నేనేనని ఆమె లెక్క. ఆ లెక్కలో కొంత నిజముంది.

ఆయన్ను చంపింది ఆ పట్టాల గది, ఆ థిన్నరు, ఆ లప్పం పొడి. ముహూర్తం కోసం తొందరపెట్టిన ఒక గురువారం ఆయన ముక్కును తడి రేకుల దగ్గరికి తీసుకుపోయింది. కారణాలు కావాలనుకునేవాళ్లకు కారణాలివి. ముసలమ్మ వీటిలో ఎక్కడా లేదు.

నేను దినాలకు పోను, పెట్టే కూడు తినను, అందరికీ తెలుసు. ఆయన దినాలకు మాత్రం తండాకు పోయాను. జనగామ నుంచి మానుకోట దాకా రైలు, అక్కడినుంచి ఆటో. ఇంటి ముందు టెంటు కింద జనం కూర్చున్నారు. కొద్దిసేపటికి ఇంకో ఆటో వచ్చింది. ముసలమ్మ దిగింది. ఎవరు చెప్పారో, ఎట్లా దారి అడుగుతూ వచ్చిందో తెలియదు. టెంటు కిందికి రాలేదు. బయట ఎండలో, గోడ అంచున కూర్చుంది.

జనగామ మాట తండాకు ఆమె కంటే ముందే చేరింది. నా పక్కన కూర్చున్న ముసలాయన, "గామెనే" అన్నాడు. తల్లులు పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. పెయింటరన్న తమ్ముడు లేచి, "గీడికి గూడ ఒచ్చిందా? లెవ్వు, లేచి పో" అన్నాడు. ముసలమ్మ లేవబోయింది. లేవడానికే వచ్చినట్టు లేచింది. నేను మాట్లాడటానికి నోరు తెరిచాను.

అప్పటికే భార్య వంటల దగ్గర్నుంచి వస్తున్నది. చంకలో కూతురి బిడ్డ ఉంది, ఇంకా మెడ సరిగా నిలవని పసిది. మరిదిని దాటుకుని ఎండలోకి పోయింది. ముసలమ్మ ఎదురుగా నిలబడి ఆమెను కొంచెంసేపు చూసింది. ఆ చూపులో చుట్టరికం లేదు. షెడ్డు పోయిన కోపం ఇంకా అక్కడే ఉంది.

"కూసో అవ్వా" అంది. "గీమెను జర వట్టుకో. నేను బువ్వ వడ్డించాలె."

పసిదాన్ని ముసలమ్మ ఒళ్లో పెట్టింది. టెంటు కింద ఎవరో ఆడమనిషి వద్దు వద్దని అరిచింది. ముసలమ్మ బిడ్డను దగ్గరికి తీసుకోకుండా, దూరంగానే, గాజుబొమ్మను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎన్నేళ్లయిందో ఆ చేతుల్లో ఎవరైనా బిడ్డను పెట్టి.

"ఏడుస్తదేమో బిడ్డా" అంది.

"ఏడిస్తె ఏడ్వని. పోరగాండ్లు ఏడ్వరా?" అని భార్య వెనక్కి చూడకుండా వంటల దగ్గరికి పోయింది.